మనాదికి మందుంది, మాట్లాడండి

పరీక్ష రద్దయిన రోజో, క్యాంపస్ సెలక్షన్ లిస్టులో పేరు లేని రోజో మన ఇళ్లల్లో ఒక మాట వినిపిస్తుంది: 'పిలగాడు రంది పెట్టుకున్నడు.' జనగామలో అన్నా, మానుకోటలో అన్నా, భూపాలపల్లిలో అన్నా ఈ మాట అందరికీ అర్థమవుతుంది. రంది, గుబులు, బెంగ, మనాది... మనసు పడే కష్టానికి మన అమ్మమ్మల దగ్గర ఇన్ని పేర్లున్నాయి. వీటిలో ఒక్కటీ తిట్టు కాదు. అదే పిలగాడు 'సైకియాట్రిస్ట్ దగ్గరికి పోతా' అంటే మాత్రం ఇల్లంతా గప్‌చుప్. 'ఎవరికీ చెప్పకు బిడ్డా' అన్నదే మొదటి సలహా. దోస్తులైతే 'వీణ్ని ఎర్రగడ్డకు పంపాల్రా' అని నవ్వుతారు. ఏళ్ల తరబడి ఎందరికో వైద్యం చేస్తున్న ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న చోటు పేరును మనమే తిట్టుగా మార్చుకున్నాం. ఇక అక్కడికి ఎవరు ధైర్యంగా పోతారు?

ఈ సిగ్గుకు మనం చెల్లిస్తున్న ధర చిన్నది కాదు. 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే 60 మంది కూర్చునే ఇంటర్ క్లాసులో సుమారు నలుగురు. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. జ్వరం వచ్చిన వందమందిలో ఎనభై మంది డాక్టర్ దగ్గరికి పోకపోతే ఊరంతా గగ్గోలు పెట్టదా?

మన దగ్గర ఒత్తిడికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ ఫలితాల తర్వాత రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో రాస్తే పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. హాస్టల్ ఫీజు కోసం అప్పు చేసిన ఇంట్లో ఆ రెండు రద్దుల బరువు ఎంతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

తండా నుంచో, గూడెం నుంచో, వాడ నుంచో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన వాళ్లకు ఈ బరువు ఇంకొంచెం ఎక్కువ. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్. మాట తడబడితే నవ్వేవాళ్లు, 'కోటాలో వచ్చినోడు' అని గొణిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఇంటికి ఫోన్ చేసి చెబుదామంటే, మిర్చి చేనులో కూలికి పోయి వచ్చిన అమ్మకు కొత్త రంది పెట్టినట్టవుతుందని భయం. అందుకే 'మంచిగనే ఉన్న' అని పెట్టేస్తారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. ప్రతి బాధా మీ మనసులో పుట్టింది కాదు. కులం పేరుతోనో, యాస పేరుతోనో ఎవరైనా అవమానిస్తే తప్పు అక్కడుంది, మీలో లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా మాట్లాడుకున్నది ఈ వివక్ష గురించే. అలాంటప్పుడు కౌన్సెలింగ్‌తో పాటు ఫిర్యాదు కూడా కావాలి. కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి వ్యవస్థ ఉండాలని 2012 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ర్యాగింగ్ అయితే 1800-180-5522కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: 'డాక్టర్‌కు చూపించుకున్నానని తెలిస్తే జాబ్ వస్తదా?' 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. 18 ఏళ్లు నిండనివారి విషయంలో ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పదు. శరీర రోగాలకు ఇచ్చినట్టే మనసు రోగాలకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని, ప్రాణం తీసుకోబోయినవారిని నేరస్థుల్లా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని కూడా ఆ చట్టమే చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీర్ఘకాల మానసిక అనారోగ్యాన్ని గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో వివక్ష చూపొద్దంది. పోలీసు, సైన్యం వంటి కొలువులకు వైద్య ప్రమాణాలు వేరే ఉంటాయి, నిజమే. అయితే నిద్ర లేకుండా, చదివింది బుర్రకెక్కకుండా ఆరు నెలలు దాచుకుని తిరిగితే ఏ పరీక్ష పాసవుతారు?

'గట్టి మనిషికి ఇవన్నీ ఏంది' అంటారు కొందరు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ మధ్యలో, మనసు సహకరించడం లేదని చెప్పి పలు పోటీల నుంచి తప్పుకుంది. నల్లజాతి అమ్మాయి, ప్రపంచమంతా చూస్తోంది, తిట్టినవాళ్లూ ఉన్నారు. సాయం తీసుకుంది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమెకన్నా గట్టి మనిషిని చూపించండి చూద్దాం.

మీలో చాలామంది రాత్రిపూట చాట్‌బాట్‌తో బాధ చెప్పుకుంటున్నారు. టెక్నాలజీ గురించి రాసే నాకు దాని ఆకర్షణ తెలుసు. అది నవ్వదు, మీ అమ్మకు చెప్పదు, 'లైట్ తీస్కో' అనదు. మనసులో మాట బయటపెట్టడానికి తొలి అడుగుగా పనికొస్తే సరే. కానీ అది మీ ముఖం చూడలేదు, మందు రాయలేదు, అర్ధరాత్రి మీ రూం తలుపు తట్టలేదు. అసలు ఆలోచించాల్సింది ఇంకోటి ఉంది: యంత్రానికి చెప్పినంత తేలిగ్గా పక్క బెడ్ దోస్తుకు ఎందుకు చెప్పలేకపోతున్నాం? వాడు నవ్వుతాడని. ఆ నవ్వు మానేయడం మన చేతిలో పనే.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడినా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా ఆగొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే వరంగల్ ఎంజీఎం ఉంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు మానసిక వైద్య విభాగం అని అడగండి. ఇంట్లో తాయెత్తు కట్టిస్తామంటే కట్టించుకోండి, మొక్కు తీర్చుకోండి. డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం ఆపొద్దు.

ఇంకో పని కూడా మీదే. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. మీ కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో ప్రిన్సిపాల్‌ను అడగండి. నలుగురు కలిసి, రాతపూర్వకంగా అడగండి. వచ్చే ఫలితాల రోజున మీ ర్యాంకు చూసుకున్నాక, ఫోన్ ఎత్తని దోస్తు ఒకడుంటాడు. వాడి రూంకు ఓసారి పోయి రండి.