శిలాఫలకం తర్వాత

నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణంలో మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించిన రోజున శిలాఫలకం మీదికి ఎక్కేది దాని సామర్థ్యమే. అందులో ఎంత మురుగు నిజంగా కేంద్రానికి చేరుతోంది, చేరినదాన్ని శుద్ధి చేసేందుకు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు అన్నవి ఆ ఫలకం మీద కనిపించవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో పుట్టే మురుగు 72,368 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు), నెలకొల్పిన కేంద్రాల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ కాగా, వాస్తవంగా శుద్ధి అవుతున్నది 20,235 ఎంఎల్‌డీ మాత్రమే. లేనివి కట్టాలన్న కోరిక న్యాయమైనదే గాని, ఉన్న సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా వృథాగా పడి ఉండటం అంతకన్నా సిగ్గుపడవలసిన విషయం.

ఈ పాఠం కొత్తది కాదు. 1986లో వారణాసిలో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద కట్టిన కేంద్రాలు చాలాచోట్ల కరెంటు కోతల వల్ల, నిర్వహణకు పురపాలక సంఘాల వద్ద డబ్బు లేకపోవడం వల్ల కుంటుపడ్డాయి. కరెంటుకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, 1914లో మాంచెస్టర్‌లో రూపుదిద్దుకొని నేటికీ విరివిగా వాడుతున్న 'ఉత్తేజిత బురద' పద్ధతిలో మురుగును తినే సూక్ష్మజీవులకు బ్లోయర్లు రేయింబవళ్లు గాలి అందిస్తూ ఉండాలి. గాలి బాగా ఆడుతున్న తొట్టిలో బురద ముదురు గోధుమ రంగులో ఉండి, తడిమట్టి వాసన వేస్తుంది. గంటల తరబడి బ్లోయర్లు ఆగితే అదే తొట్టి నల్లబడి కుళ్లు కంపు కొడుతుంది, సూక్ష్మజీవులు మళ్లీ కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఆ మధ్యకాలంలో నదిలోకి పోయేది పేరుకే శుద్ధజలం.

బాగా నడిచిన కేంద్రం కూడా నదిని స్నానయోగ్యం చేస్తుందన్న భరోసా లేదు. నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే బీవోడీ అనే కొలత స్నానఘట్టాల వద్ద లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటరాదు. 2017 అక్టోబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ మాత్రం మహానగరాలు కాని ఊళ్ల కేంద్రాలు 30 వరకు వదలవచ్చని అనుమతించింది. నిండుగా పారే నది ఈ తేడాను పలుచన చేసుకోగలదు గాని, వేసవిలో ఇసుక మేటలు తేలే మున్నేరు వంటి నదుల్లో ఊరి దిగువన కనిపించే పాయలో అధిక భాగం ఊరి మురుగే అయినప్పుడు పలుచన చేసే నీరు ఎక్కడిది?

పైగా చాలా చిన్న పట్టణాలకు భూగర్భ డ్రైనేజీయే లేదు. ఇంటింటికీ ఉన్న సెప్టిక్ ట్యాంకు నిండగానే ట్యాంకరు వచ్చి తోడుకుపోయి, ఊరి బయట ఏ వాగులోనో కుమ్మరిస్తుంది. ఇలాంటి ఊళ్లకు వందల కోట్ల పైపులైన్లకు ముందు ఆ ట్యాంకరుకు ఒక చిరునామా ఇవ్వడం మేలు. బెంగళూరుకు దగ్గరలోని దేవనహళ్లి పట్టణంలో 2015లో నెలకొల్పిన మల వ్యర్థాల శుద్ధి కేంద్రం రోజుకు సుమారు 6 వేల లీటర్లను ప్రధానంగా వాలు ఆధారంగానే శుద్ధి చేస్తూ, ఎండిన బురదను ఎరువుగా మార్చుతుంది. కరెంటు అవసరం స్వల్పం కావడమే చిన్న ఊరికి దాని విలువ.

డ్రైనేజీ తప్పనిసరి అయిన చోట మాత్రం ఒప్పందం ఎలా రాసుకున్నారన్నదే ముఖ్యం. గంగా తీరంలో 2016 నుంచి అమలైన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో నిర్మాణ వ్యయంలో 40 శాతాన్ని కట్టేటప్పుడు, మిగతా 60 శాతాన్ని 15 ఏళ్ల నిర్వహణ కాలంలో పనితీరును బట్టి చెల్లిస్తారు. కాబట్టి కట్టి వెళ్లిపోయే గుత్తేదారుకు ఇందులో లాభం లేదు. అయితే ఆ గడువు తీరిన మర్నాటి కరెంటు బిల్లు తిరిగి పట్టణం ఖజానా మీదే పడుతుంది గనుక, నీటి పన్నులో మురుగు వాటా ఎంతన్నది కేంద్రానికి స్థలం వెతికే నాడే పాలకవర్గం తేల్చుకోవాలి. ఎన్నికల ముందు ఆ మాట ఎత్తడానికి ఏ కౌన్సిలరూ ఇష్టపడడన్నది వేరే సంగతి.