అమ్మ పాదాలకి బొటాక్సా?

బొటాక్స్ అనగానే మన ఫీడ్‌లో ఏమొస్తాయో తెలిసిందే. నుదుటి ముడతలు, బిఫోర్-ఆఫ్టర్ ఫొటోలు, కింద కామెంట్ల యుద్ధం. అదే ఇంజెక్షన్‌ని షుగర్ వల్ల వచ్చే కాళ్ల నొప్పికి వాడి చూశారని చదివి అమ్మకి చెప్పాను. "ఈ వయసులో కాళ్లకి అందం ఎందుకే?" అని నవ్వేసింది.

నవ్వింది కానీ, రాత్రయితే ఆ కాళ్లే ఆమెను నిద్రపోనివ్వవు. అరికాళ్లలో మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు, మధ్యమధ్యలో కరెంటు షాక్. దుప్పటి అంచు తగిలినా భరించలేదు. అలాంటి మనిషి మొన్న కూరగాయలకి వెళ్లి ఒంటి చెప్పుతో తిరిగొచ్చింది. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో కూడా తెలియలేదట!

దుప్పటి తగిలితే నొప్పి, చెప్పు ఊడితే తెలియదు. ఇదెలా? రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. బాగా పొడవైన నరాల చివర్లు ముందు పాడవుతాయి కాబట్టి బాధ పాదాల్లో మొదలవుతుంది. పాడైన నరం ఊరికే కేకలు పెడుతుంది. నిజంగా దెబ్బ తగిలినప్పుడేమో నోరు మెదపదు.

ఇక బొటాక్స్ సంగతి. ఇది బొటులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం. మనిషికి తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. దాన్నే అతి తక్కువ మోతాదులో మందుగా వాడతారు. అమెరికాలో దీనికి మొదట 1989లో అనుమతి వచ్చింది మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి. ముడతల వంతు 2002లో వచ్చింది, దీర్ఘకాలిక మైగ్రేన్‌ది 2010లో. నరం చివరి నుంచి కబురు మోసే రసాయనాలు బయటికి రాకుండా ఇది ఆపుతుంది. కండరానికి కబురు అందకపోతే ముడత పోతుంది. నొప్పి కబురు ఆగితే మంట తగ్గాలి. డాక్టర్ల ఆలోచన అదే.

2009లో తైవాన్ డాక్టర్లు 18 మంది షుగర్ పేషెంట్ల మీద పరీక్షించారు. ఒక్కో పాదం పైభాగంలో 12 చోట్ల, చర్మం లోపలికి చిన్నచిన్న ఇంజెక్షన్లు. అదే మనుషులకి ఇంకోసారి ఉత్త సెలైన్ ఇచ్చి పోల్చారు. మూడు నెలల్లోపు 8 మందికి నొప్పి బాగా తగ్గింది. సెలైన్‌తో అంత తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత 2014లో ఇరాన్‌లో 40 మందితో చేసిన పరీక్షలోనూ మందు వైపే మొగ్గు కనిపించింది.

ఆశ పుట్టడం సహజం. నాకూ పుట్టింది. కానీ లెక్క చూడండి: ఇవి చిన్న పరీక్షలు. 18 మందిలో 10 మందికి ఆ మేలు దక్కలేదు. పనిచేసినా ప్రభావం సుమారు మూడు నెలలే, మళ్లీ పొడిపించుకోవాలి. నరాల నొప్పులకి 2015లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన సూచనల్లో దీనిది మూడో వరస. ముందు వరసలో ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలున్నాయి. కాబట్టి ఆఫర్ ఉందని అమ్మానాన్నల్ని బ్యూటీ క్లినిక్‌కి తీసుకెళ్లకండి. మాత్రలు సరిగ్గా వాడినా తగ్గకపోతే, న్యూరాలజిస్ట్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బి12 టెస్ట్ గురించి కూడా అడగండి. అది తగ్గినా తిమ్మిర్లు వస్తాయి.

నన్ను ఆపిన విషయం ఇంకొకటి ఉంది. ఈ ఇంజెక్షన్ నరం కేకల్ని తగ్గించవచ్చు, పాడైన నరాన్ని మాత్రం బాగుచేయదు. చెప్పు జారితే తెలియని పాదం అలాగే ఉంటుంది. ఆ పాదానికి మేకు గుచ్చుకున్నా తెలియదు. ఎండలో గుడి బండల మీద ప్రదక్షిణ చేస్తే బొబ్బలెక్కినా తెలియదు. చూడకుండా వదిలేసిన చిన్న పుండే ముదిరి, వేలు తీసేసే దాకా వెళ్తుంది. నొప్పి తగ్గింది కదా అని పాదం సంగతి మర్చిపోతేనే అసలు ప్రమాదం.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల మంది. అంటే ఇది చదువుతున్న చాలామంది ఇళ్లలో ఒకరు ఉండే ఉంటారు. వంగి తమ అరికాలు చూసుకోవడం పెద్దవాళ్లకి కష్టం. మన చేతిలో కెమెరా ఉంది కదా! రోజూ రాత్రి రెండు పాదాలకీ ఒక్కో ఫొటో తీయండి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు జూమ్ చేసి చూపించండి. ఎరుపు, పొక్కు, పుండు ఏది కనిపించినా మర్నాడే డాక్టర్ దగ్గరికి. ఏడాదికోసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించండి.

సెల్ఫీలు ఎలాగూ దిగుతాం. గ్యాలరీలో అమ్మానాన్నల అరికాళ్లకి కూడా కాస్త చోటివ్వండి.