రన్‌వే కూడా రహదారే

వరంగల్ శివారులోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి చివరలో కేంద్రం అనుమతినిచ్చింది. ఏప్రిల్‌లో ఆదిలాబాద్ వైమానిక స్థలంలో పౌర విమానాలకు వాయుసేన సమ్మతి తెలిపింది. ఈ వార్తలపై మా రాయికోడ్‌లో నాకు ఎక్కువగా వినిపించిన మాట ఇది: "ఊరికి బస్సే సక్కగ రాకపాయె, ఇమానాలెందుకు సారూ?"

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. అందులో ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. అయినా ఆ ప్రశ్నలోనే దాగిన తీర్పు సరైనది కాదు. విమానాశ్రయమంటే ధనవంతుల విలాసమన్న ఆ తీర్పుకు మూల్యం కొందరు ప్రాణాలతో చెల్లిస్తున్నారు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. రాయికోడ్‌కు విమానాశ్రయం అక్కరలేదు. జహీరాబాద్ నుండి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 65వ జాతీయ రహదారి ఉండనే ఉంది. పొరుగు రాష్ట్రంలోనిదైనా బీదర్ విమానాశ్రయం జహీరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరమే. మనకు కావలసింది వేళకు వచ్చే 108 వాహనం, గుంతలు లేని దారి. కానీ మనకు అక్కరలేనిది ఎవరికీ అక్కరలేదని అనగలమా? ఆదిలాబాద్ నుండి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అంబులెన్సు ఎంత వేగంగా నడిచినా ఐదారు గంటల ప్రయాణం. చుట్టుపక్కల గూడేల నుండి ఆదిలాబాద్ చేరడానికి పట్టే సమయం దీనికి అదనం.

వైద్యంలో దూరాన్ని కొలిచేది కిలోమీటర్లతో కాదు, గంటలతో. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందును నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే గొట్టం పంపి గడ్డను తొలగించే చికిత్స కావాలి. అది పెద్ద నగరాల ఆసుపత్రులలోనే ఎక్కువగా లభిస్తుంది. ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు అవకాశం ఉన్నా, గడిచే ప్రతి నిమిషం మెదడులో కొంత భాగాన్ని హరిస్తూనే ఉంటుంది. అవయవదానం సంగతి మరీ కఠినం. దాత శరీరం నుండి తీసిన గుండెను మామూలు పద్ధతిలో మంచుపెట్టెలో ఉంచితే సుమారు నాలుగు గంటలలోపు మరొకరికి అమర్చాలి. ఆదిలాబాద్‌లో ఒక కుటుంబం పుట్టెడు దుఃఖంలోనూ పెద్దమనసుతో దానానికి ఒప్పుకున్నా, రోడ్డు మీదనే ఆ గడువు తీరిపోతుంది. విమానానికి ఆ దూరం గంట లోపలి పని. "ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే" అని రోగి బంధువులతో చెప్పవలసి రావడం ప్రతి వైద్యునికీ తెలిసిన బాధ. ఆ మాటలో నింద బంధువులపై పడుతుంది; నిజానికి పడవలసింది మన రవాణా వ్యవస్థపై.

ఇక డబ్బు సంగతి. "చిన్న విమానాశ్రయాలు నష్టాల్లో నడుస్తాయి, మూతపడతాయి" అన్న వాదం అబద్ధం కాదు. మన పక్కనే ఉన్న బీదర్‌ను చూడండి. 2020 ఫిబ్రవరిలో అక్కడి నుండి బెంగళూరుకు తొలి విమానం ఎగిరింది. రెండేళ్లకే ఆ సంస్థ రెక్కలు ముడిచింది. 2022లో మరొక సంస్థ వచ్చింది. ఆ సర్వీసు కూడా ఆగింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. దేశమంతటా ఇదే కథ. 2023లో వెలువడిన కాగ్ నివేదిక ప్రకారం, ఉడాన్ పథకం మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371 మార్గాలలో మూడేళ్ల రాయితీ కాలాన్ని పూర్తి చేసుకున్నవి 112. ఆ తరువాత కూడా 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే.

ఈ అంకెలు చూపి "ఇక చాలు, మూసేయండి" అనేవారున్నారు. నాకు మాత్రం ఇది రక్తపోటు మాత్రలు మూడు నెలలు వాడించి, ఆపైన ఆపేసి, మందు పనిచేయలేదని తేల్చడంలా కనిపిస్తుంది. తప్పు మందుది కాదు, అర్ధాంతరంగా ఆపడానిది. 2023 డిసెంబరు నుండి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించి, ఆ భారాన్ని ప్రభుత్వం మోస్తున్నది. ఏ పల్లె బస్సునూ మూడేళ్లలో లాభం చూపకుంటే రద్దు చేస్తామని ముందే షరతు పెట్టి నడపము. రోడ్డు వేసినప్పుడు దాని లాభమెంతని అడగము. ప్రజారవాణాకు వర్తించే ఈ నీతి రన్‌వే దగ్గరికి రాగానే ఎందుకు మారిపోవాలి?

పైగా ఇన్నేళ్లు చిన్న విమానాశ్రయాలు ఎదగకపోవడానికి ప్రయాణికుల కొరత ఒక్కటే కారణం కాదు. శంషాబాద్ కోసం 2004లో కుదిరిన ఒప్పందంలో, 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయాన్ని 25 ఏళ్లపాటు అభివృద్ధి చేయరాదన్న నిబంధన ఉంది. మామునూరు ఆ పరిధిలోనిదే, బీదరూ అంతే. నిజాం కాలంలో, 1930లో నిర్మించిన మామునూరు 1981 వరకు సేవలందించి, ఆపైన మూలపడింది. ఈసారి మామునూరు విషయంలో ఆ నిబంధనను సడలించినందుకు సంతోషించాలి. అయితే ఒక నగరపు విమానాశ్రయం నిలదొక్కుకోవడానికి జిల్లాలన్నీ ఇంతకాలం కనిపించని సుంకం చెల్లించాయని కూడా గుర్తుంచుకోవాలి.

అలాగని ఊరూరా అద్దాల మేడలు కట్టమని నేను అడగడం లేదు. ఆస్ట్రేలియాలో 1928లో మొదలైన ఎగిరే వైద్యుల సేవ ఎడారి పల్లెలలోని మట్టి రన్‌వేల మీదనే పెరిగి పెద్దదైంది. రోగికి పాలరాతి టెర్మినల్ అక్కరలేదు. రాత్రి దిగడానికి దీపాలు, ఇంధనం, వాతావరణ సమాచారం, ఏ వేళనైనా ఫోను ఎత్తే మనిషి కావాలి.

రన్‌వే ఆసుపత్రికి ప్రత్యామ్నాయమూ కాదు. ఆకాశంలో గాలి పీడనం తగ్గుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగిని తగిన చికిత్స చేయకుండా విమానమెక్కిస్తే ఆ గాలి వ్యాకోచించి ప్రాణం తీయవచ్చు. జిల్లా ఆసుపత్రిలో తొలి చికిత్స జరిగాకే రోగి విమానం ఎక్కాలి. 108ను తగ్గించి విమానం తెస్తామంటే మొదట వ్యతిరేకించేవాణ్ని నేనే.

భూమి విషయంలో రైతు భయం న్యాయమైనదే. పారిశ్రామిక మండలి కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో జరిగిన భూసేకరణను కళ్లారా చూసినవాళ్లం మనం. మామునూరు కోసం 253 ఎకరాల సేకరణకు 2024 నవంబరులో రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. ఆ డబ్బు ఆలస్యం లేకుండా, న్యాయమైన ధరగా రైతు చేతికి అందాలి. కొత్తచోట్ల భూమి అడిగే ముందు పాత రన్‌వేలను బాగుచేయాలి.

అందువల్ల మనం అడగవలసినవి నాలుగు. చిన్న విమానాశ్రయాల నిర్వహణ ఖర్చును రోడ్లు, బస్సులతోపాటు రాష్ట్ర రవాణా బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా చేర్చాలి. ప్రతిచోటా రాత్రి దిగే ఏర్పాటు, అంబులెన్సు నేరుగా విమానం దగ్గరికి వెళ్లే దారి ఉండాలి. మధ్యప్రదేశ్‌లో ఆయుష్మాన్ కార్డున్న పేదలకు ఎయిర్ అంబులెన్సు ఉచితం; 10 లక్షల పరిమితి ఉన్న మన ఆరోగ్యశ్రీలోనూ అది చేరాలి. విమానాశ్రయం నుండి మండల కేంద్రాలకు ఆర్టీసీ బస్సు నడవాలి. బీదర్ వంటి చోట రాష్ట్ర సరిహద్దు దానికి అడ్డు కారాదు.

"బస్సే సక్కగ రాదు" అన్న మా ఊరివారికి నా జవాబు ఇదే. బస్సును గట్టిగా అడగండి, నేనూ మీతో నిలబడి అడుగుతాను. కానీ ఆదిలాబాద్ మనిషి రన్‌వే అడిగినప్పుడు నవ్వకండి. మనకు రెండు గంటల్లో అందే వైద్యాన్నే అతడూ కోరుతున్నాడు.