కబురు అందిందా?

పోయిన నెల మా మనవరాలు అడిగింది: "తాతా, ఫోన్లో బొమ్మ పంపితే అవతలికి ఎట్లా పోతుంది?" ఆ బిడ్డకు మిల్లు భాషలో చెప్పిన జవాబే ఈ నెల మీకూ చెబుతున్నాను.

రింగ్ ఫ్రేముల చప్పుడులో నోటిమాట వినబడదు కదా! అందుకే సైగలు పెట్టుకున్నాం. నేను చెయ్యెత్తితే అవతలి కొసన ఉన్నవాడూ చెయ్యెత్తాలి. ఎత్తకపోతే నేను మళ్ళీ ఎత్తాలి. ఇద్దరూ ముందే ఒప్పుకున్న కట్టుబాటు ఇది. ఇంటర్నెట్‌లో ఇట్లాంటి కట్టుబాటునే ప్రోటోకాల్ అంటారు.

మనం పంపే బొమ్మ ఒకే ముద్దగా పోదు, చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది. పొట్లం మీద చిరునామా రాసి దారి పట్టించేది ఐపీ. వరస నంబర్లు వేసి, అందినట్టు జవాబు రాకపోతే మళ్ళీ పంపేది టీసీపీ. వీటికి 1974లో పునాది వేసింది వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే అమెరికావాళ్ళు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న.

కట్టుబాటు చోటుకు తగ్గట్టు లేకపోతే ఏమవుతుందో మన మదురై పక్కనే చూశాం. అరవింద్ కంటి ఆసుపత్రివాళ్ళు తేనిలోని తమ ఆసుపత్రిని, చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న కంటి కేంద్రాలను వైఫైతో కలిపారు. వైఫై అసలు ఇంటికీ ఆఫీసుకీ చేసింది. పొట్లం పంపి, రెప్పపాటు కూడా ఆగకుండా జవాబు రాలేదనుకుంటుంది. కిలోమీటర్ల అవతలినుంచి జవాబు వచ్చేలోపే మళ్ళీ అదే పంపుతుంది. తీగ లేదు, తప్పు లేదు, పని మాత్రం సాగదు. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంవాళ్ళు వచ్చి కట్టుబాటునే మార్చారు. మన షిఫ్టుల మాదిరి, కాసేపు ఈ కొసవాళ్ళు పంపాలి, కాసేపు ఆ కొసవాళ్ళు. జవాబులన్నీ ఒక్కసారిగా గుత్తగా చెప్పాలి. అంతే, దారి సాఫీ అయింది. 2006 నాటికే ఊళ్ళో కూచున్న రోగి తేని డాక్టరుతో తెరమీద మాట్లాడేది.

మా అమ్మ ఒకరోజు కూలి పోతుందని ఆసుపత్రికి పోక ఒక కన్ను పోగొట్టుకుంది. అందుకే నాకిది కేవలం మెషిను సంగతి కాదు.

చివరగా ఒక మాట. దూరాన ఉన్న బిడ్డకు వాట్సాప్ పంపితే ఒక్క టిక్కే పడిందా? కబురు ఆ ఫోనుకు ఇంకా చేరలేదని అర్థం. రెండు పడితే చేరినట్టు. ఒక్క టిక్కు చూసి, బిడ్డ పట్టించుకోలేదని నొచ్చుకోకండి. కాసేపు ఆగండి.