బడి మీటింగులో తల్లికి ముందు కుర్చీ వేయండి

ఈసారి ఉగాది చందా సంగతి కాదు. మనవాళ్ళ ఇళ్ళలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం బడిలో పెట్టే మీటింగుల గురించి నాలుగు మాటలు చెప్పదలచాం.

తమిళనాడు సర్కారు బడులకు సమగ్ర శిక్షా కింద స్పెషల్ టీచర్లు వస్తారు. వట్టార వళ మైయం నుంచి వచ్చి, ఏ బిడ్డకు ఏం నేర్పాలో ప్లాను రాస్తారు. ఏర్పాటు మంచిదే. చిక్కంతా ఆ ప్లాను మాట్లాడే రోజునే. బల్లకు అటువైపు హెడ్‌మాస్టరు, క్లాసు టీచరు, స్పెషల్ టీచరు. ఇటువైపు ఒక్క తల్లి, లేకపోతే నాయనమ్మ. మాటలన్నీ ఆఫీసు తమిళంలో సాగుతాయి. చివర్లో "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటారు. పెట్టి వస్తుంది. కాగితంలో ఏం రాశారని ఇంట్లో అడిగితే ఆమెకు తెలియదు.

మేమూ తమిళ మీడియంలో చదివినవాళ్ళమే. ఆ భాష మాకు అన్నం పెట్టింది, దాని మీద కోపం లేదు. కానీ బజారు తమిళం వేరు, ఫారం తమిళం వేరు. కూరగాయల బేరం గడగడా ఆడే తల్లి 'మదిప్పీడు' అనే మాట దగ్గర ఆగిపోతుంది.

ఇందులో పెద్ద ప్రమాదం ఒకటుంది. పిల్లవాడు తమిళంలో అడిగినదానికి బదులు చెప్పలేదంటే, ఇంట్లో తెలుగు మాత్రమే విన్నందువల్లా, ఎదుగుదలలోనే ఇబ్బంది ఉన్నందువల్లా? నిజంగా ఇబ్బంది ఉంటే అది తెలుగులోనూ కనబడుతుంది. చెప్పిన కథ తిరిగి చెప్తాడా, రెండు పనులు ఒకేసారి చెప్తే చేస్తాడా అన్నది తల్లికి తెలుసు. ఆమెను అడగకపోతే మంచి పిల్లవాడికి 'మందబుద్ధి' ముద్ర పడుతుంది, లేదా సాయం కావలసిన పిల్లవాడు "తమిళం వస్తే సర్దుకుంటాడులే" అన్న మాటతో ఏళ్ళు పోగొట్టుకుంటాడు.

అందుకే హెడ్‌మాస్టర్లకు మా మనవి. తల్లి రాగానే కుర్చీ వేయండి. మీరు మొదలుపెట్టకముందు ఆమెను మాట్లాడనివ్వండి. బిడ్డకు ఏం రాదో చెప్పేముందు ఏం వచ్చో చెప్పండి. కూలి పోకుండా ఆమెకు వీలైన వేళ అడిగి మీటింగు పెట్టండి. తెలుగు తెలిసినవారిని ఒకరిని పక్కన కూర్చోనివ్వండి. కాగితం చదివి వినిపించి, ఒక కాపీ చేతికిచ్చి, ఇంట్లో ఆలోచించుకుని రేపు సంతకం పెట్టమనండి.

ఒక్క స్పెషల్ టీచరు ఎన్నో బడులు తిరగాలి, పని భారం ఎక్కువే అంటారు. నిజమే. మాలో రైల్వే కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళకు క్యూ బాధ తెలియనిది కాదు. కానీ కుర్చీకి, కాపీకి బడ్జెట్టు అక్కర్లేదు. ఫారం అర్థం కాని మనిషిని తొందరపెట్టి పంపితే మళ్ళీ అదే కౌంటరుకు వస్తారు, పని రెండింతలవుతుంది.

ఇది దయ అడగడం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు ఇచ్చింది. పరీక్షలో ఎక్కువ సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లూ అందులో ఉన్నాయి. ఈ సంగతి మీటింగులో బడివాళ్ళే ముందుగా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. ఆ కమిటీలో మనవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ మాట అక్కడ ఎత్తండి.

సంఘం వంతు కూడా ఉంది. పేటకు ఇద్దరు, తమిళం బాగా చదవగలిగిన రిటైరైనవాళ్ళు పేరివ్వండి. ఏ తల్లికి మీటింగు పిలుపు వచ్చినా ఒకరం తోడు వెళదాం. ఆమె బదులు మనం మాట్లాడవద్దు. ఆమె చెప్పింది వాళ్ళకు, వాళ్ళు రాసింది ఆమెకు అర్థమయ్యేలా చూస్తే చాలు.