మీటరు లెక్క చూస్తుంది, కూలీ ప్రాణం చూసేదెవరు?

పత్తికొండ చేలగట్ల మీద నడిస్తే బోరు పక్కన నాపబండకో, వేపమొద్దుకో కట్టిన ఇనుప డబ్బా కనిపిస్తుంది. తలుపు సగం ఊడి ఉంటుంది. లోపల స్టార్టరు, మూడు ఫ్యూజులు. ఫ్యూజు కాలితే సరైన తీగ దొరకదు, రాగి పేటలు నాలుగు కలిపి చుడతారు. మోటారు వేసేది భూమి యజమాని కాదు, కూలీ. తడికాళ్లతో పోయి ఎండుపుల్లతో పచ్చబటను నొక్కుతాడు. "పుల్లెందుకప్పా?" అని అడిగితే, "ఈ డబ్బాలో మమ్మల్ని కాపాడేది ఇదొక్కటే గదన్నా" అన్నాడొక కూలీ.

డబ్బా మార్చే మాట పాలకులకు 2020లో గుర్తొచ్చింది. ఎందుకు? కూలీల మీద దయతోనా? కాదు. ఆ ఏడాది మే నెలలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు ఇస్తానని, దానిలో కొంత భాగానికి విద్యుత్ సంస్కరణల షరతు పెట్టింది. ఉచిత కరెంటుకు బదులు ఖాతాలో నగదు వేసే పద్ధతిని ఒక జిల్లాలోనైనా మొదలుపెట్టమంది. 2020 సెప్టెంబరు 1న జీవో 22 వచ్చింది. ముందు శ్రీకాకుళంలో మీటర్లు బిగించారు, తర్వాత తక్కిన జిల్లాలకు తీసుకుపోవాలని చూశారు. రైతు సంఘాలు, వామపక్షాలు ఎదిరించాయి. ఆ ఎదిరింపు న్యాయమైనదే. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులకు నెత్తురు చిందించి, 2004లో సాధించుకున్న ఉచిత కరెంటు అది.

అయితే మనవాళ్లు కొందరు ఇక్కడొక పొరపాటు చేస్తున్నారు. మీటరు వద్దంటూ డబ్బా మొత్తాన్నీ వద్దంటున్నారు. మీటరు వేరు, బ్రేకరు వేరు. మీటరు యూనిట్లు లెక్కపెడుతుంది. బ్రేకరు కరెంటును తెంచుతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉన్నంత మాత్రాన రెండింటి పనీ ఒకటి కాదు.

బ్రేకరులోనూ తేడా ఉంది. అయిదు హార్సుపవరు మోటారు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. అంతకు మించి కరెంటు పారితేనే మామూలు బ్రేకరు పడిపోతుంది. మనిషి ఒంట్లో 30 మిల్లీ ఆంపియర్లకు పైన పారితేనే గుండె ఆగే ప్రమాదం. అంటే కూలీ గిలగిల కొట్టుకుంటున్నా ఫ్యూజుకు గానీ, మామూలు బ్రేకరుకు గానీ ఆ సంగతి తెలీదు. లీకు కరెంటును పసిగట్టే బ్రేకరు ఉంటేనే తెలుస్తుంది. దానికి తోడు ఎర్తు ఉండాల. మన సీమలో వేసవికి నేల ఎండిపోతే ఎర్తు కడ్డీ ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసి గుంత తీయాల, నీళ్లు పోస్తుండాల. ఆ ఖర్చు ఎవరిది, ఆ పని ఎవరిది అని ముందే తేల్చుకోవాల.

చనిపోయినాక ఏం జరుగుతుంది? తీగ తెగిపడితే పంపిణీ సంస్థదే బాధ్యతని 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. స్టార్టరు డబ్బా దగ్గర చస్తే మాత్రం "మీటరు దాటినాక మాది కాదు" అని ఆఫీసు అంటుంది, "వాడు జాగ్రత్తగా లేడు" అని యజమాని అంటాడు. ఇద్దరి నడుమ కూలీ భార్య నిలబడుతుంది. ఆమెకూ చట్టం ఉంది. కరెంటుతో నడిచే సాధనాలతో సేద్యం చేసే కూలీ 1923 నాటి పరిహార చట్టం కిందికి వచ్చేవాడు, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కిందికి వస్తాడు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను ప్రకారం ప్రమాదాన్ని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలపాల, విచారణ జరగాల. శవాన్ని కదిలించకముందే సంఘానికి కబురు పెట్టండి, డబ్బా ఫోటో తీయించండి.

కాబట్టి మన కోరికలు రెండు. ఉచిత కరెంటు మీద చెయ్యి పెట్టే మీటరు వద్దు. ప్రతి బోరు దగ్గరా ప్రభుత్వ ఖర్చుతో తలుపున్న డబ్బా, లీకును పట్టే బ్రేకరు, సరైన ఎర్తు కావాల. రైతు కూలీని కలుపుకుంటేనే మొదటిది నిలుస్తుంది. కూలీ గట్టిగా అడిగితేనే రెండోది వస్తుంది.