దూకి చూశాకే డబ్బు

40 నుంచి 80 దాకా మధ్యతరహా రవాణా విమానాల కోసం మన వాయుసేన 2022 డిసెంబరులో కంపెనీల నుంచి వివరాలు కోరింది. అమెరికా సి-130జె, బ్రెజిల్ సి-390, ఐరోపా ఏ400ఎం బరిలో నిలిచాయి. ఎన్ని టన్నులు మోస్తాయి, ఎక్కడ తయారుచేస్తారు అన్న చర్చకు కొదవ లేదు. జవాన్లనూ సరుకునూ గాల్లోంచి క్షేమంగా దించగలవని మన పారాచూట్లతో నిరూపించారా? ముందుగా అడగాల్సింది ఇదే.

ఏ400ఎం అనుభవం చూడండి. 2013 ఆగస్టులో ఫ్రాన్స్‌కు తొలి విమానం అందింది. కానీ రెండు పక్క తలుపుల్లోంచి ఒకేసారి దూకితే, విమానం వెనక లేచే సుడులకు జవాన్లు గాల్లోనే ఒకరినొకరు ఢీకొనే ప్రమాదముందని పరీక్షల్లో తేలింది. వెయ్యికి పైగా దూకి చూశాక, 2020 మేలో గానీ చెరోవైపు 58 మందికి అనుమతి దక్కలేదు. అంటే దాదాపు ఏడేళ్లు! బ్రిటన్ మరీ తొందరపడింది. కొత్తగా తెచ్చుకున్న ఏ400ఎంకు పారాచూట్ అనుమతులన్నీ రాకముందే, 2023 జూన్‌లో తన సి-130జెలను సాగనంపింది.

లోపం బయటపడటం తప్పు కాదు, పరీక్షలు ఉన్నదే అందుకు. బరువైన సరుకు దించడం ఇంకా గడ్డు పని. చిన్న పారాచూట్ లాగగానే టన్నుల బరువున్న వేదిక వెనక తలుపు వైపు దొర్లుతుంది, విమానం ముక్కు పైకి లేస్తుంది. మరుక్షణమే ఆ బరువంతా మాయం. పైలట్ సర్దుకోవడానికి ఉండేది కొన్ని సెకన్లే. దీన్ని కంప్యూటర్ లెక్కలకు వదిలేస్తామంటే కుదరదు. పైగా లద్దాఖ్ పల్చటి గాలిలో పారాచూట్ మరింత వేగంగా దిగుతుంది. ఆగ్రాలోని పారాచూట్ పరిశోధన సంస్థ ఏడీఆర్‌డీఈ 16 టన్నుల తరగతి సరుకు దించే పి-16 వ్యవస్థను మన వాయుసేన ఐఎల్-76 విమానం కోసం తయారుచేసింది. విమానం మారితే పరీక్ష మళ్లీ మొదటికే.

మన వాయుసేన నడిపే 1980ల నాటి ఏఎన్-32, ఐఎల్-76 రవాణా విమానాలు ముసలివయ్యాయి, ఆగలేమన్న వాదన ఉంది. నిజమే. కానీ పరీక్ష మానేసినా జాప్యం తప్పదు, అది కొన్నాక మన నెత్తిన పడుతుంది, అంతే. కాబట్టి ఒప్పందంలోనే రాయాలి: ముందు జవాన్ల బదులు బొమ్మలు, తర్వాత ఒక తలుపు, ఆపైన రెండు తలుపులు, చివరికి పూర్తి బరువు. అన్నీ మన టెస్ట్ పైలట్లు, మన పారాచూట్లతో, మన ఎత్తుల్లో జరగాలి. అప్పటిదాకా ధరలో గట్టి వాటా ప్రభుత్వం దగ్గరే ఉండాలి. ఈ షరతుకు ఒప్పుకోని కంపెనీ బిడ్డును తెరవకుండానే వెనక్కి పంపాలి.